గోరుకు తగిలిన పేరు

గాలి విషయంలో మిస్ వెర్లీన్ క్రాబ్‌ట్రీకి మొహమాటమన్నది లేదు. చర్చి పాస్టరు తెచ్చినా, షెరీఫ్ తెచ్చినా, సొంత తమ్ముడి కొడుకు తెచ్చినా సరే, గాలి ట్యాంకును ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమి చూడందే గాలి గొట్టం తగిలించదు. ముప్ఫై ఒక్కేళ్ళు కౌంటీ ఫైర్ స్టేషన్లో, మంటల్లోకి దూరేవాళ్ళు వీపుకు కట్టుకునే గాలి సీసాలు నింపిన మనిషి. అన్నేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు పొగలో ఊపిరందక వెనక్కి పరుగెత్తిన దాఖలా లేదు. అలాంటి మనిషి రిటైరయ్యాక ఇంట్లో బొంతలు కుట్టుకోకుండా గాలి ఒత్తిడితో రంగు గోళీలు పేల్చే గన్నులతో ఆడే మా పైన్ రిడ్జ్ పెయింట్‌బాల్ మైదానానికి వచ్చి, రేకుల షెడ్డులో కంప్రెసర్ పక్కన కుర్చీ వేసుకుందంటే అది మా అదృష్టం కాక మరేమిటి? వరుసలో నిలబడి గొణుక్కునేవాళ్ళకు ఆ సంగతి ఎప్పటికీ తలకెక్కదు.

ఆ శనివారం వరుసలో వెండెల్ టిప్టన్ ఏడోవాడు. నలభై ఒక్కేళ్ళ మనిషి, స్కూలు బస్సులకు బ్రేకులు బాగుచేయడం అతని పని. చంకలో తువ్వాల్లో చుట్టిన ట్యాంకొకటి పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. వెలగదూ మరి, ఆరేళ్ళు ఎదురుచూశాడు దానికోసం!

అది కాకుల జట్టు ట్యాంకు. మా గుట్టల్లో జట్లు ఎన్నో ఉన్నాయిగానీ పైన్ రిడ్జ్ కాకులకున్న పేరు వేరు. వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. జట్టు సొమ్ముతో కొన్న, కార్బన్ నార చుట్టిన ఆ నల్లటి ట్యాంకు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళుతుంది. ఆట మానేసేవాళ్ళు దానిమీద తమ పేరు చెక్కి, తర్వాతివాళ్ళకు అప్పజెబుతారు. మొదట క్లైడ్ చెక్కాడు. తర్వాత లూథర్, పాపం ఇప్పుడు లేడు. ఆ తర్వాత డాటీ. మూడేళ్ళుగా అది కెప్టెన్ హాలిస్ లెడ్‌బెటర్ దగ్గర ఉంది. హాలిస్‌కి అరవై మూడు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఇక ఆడనని, ఇవాళ్టితో జట్టు వదిలేస్తానని చెప్పి, గురువారం రాత్రి తన పేరు కూడా చెక్కి, నిన్న ట్యాంకు తెచ్చి వెండెల్ చేతిలో పెట్టాడు. "నింపుకురా. అందరి ముందూ నా చేత్తో నీ గన్నుకి బిగిస్తా" అన్నాడు.

ఈ ఆరేళ్ళూ వెండెల్ మైదానంవాళ్ళు అద్దెకిచ్చే అల్యూమినియం ట్యాంకుతోనే ఆడాడు. పాల క్యానంత బరువు. జట్టులో అందరూ అతన్ని పాలవాడా అని పిలిచేవాళ్ళు. మొదటి ఆటలో కంగారుపడి సొంత జట్టువాళ్ళనే ముగ్గుర్ని రంగుతో తడిపేశాడు. ఇంకెవడైనా అయితే తన్ని తరిమేవాడు. హాలిస్ మాత్రం చొక్కా మీది రంగు తుడుచుకుంటూ, "గురి బాగానే ఉంది, వైపే తెలియాలి" అన్నాడు. ఆ ఒక్క మాటకు వెండెల్ ఆ మనిషికి జీవితాంతం కట్టుబడిపోయాడు.

వరుస కదిలింది. వెండెల్ ముందు నిలబడ్డవాడు నాక్స్‌విల్ నుంచి వచ్చిన కొత్తవాడు. మిస్ వెర్లీన్ వాడి ట్యాంకు అందుకుని, గాలి ఎక్కించే ముక్కు దగ్గర వాసన చూసింది.

"ఏం పూశావు నాయనా దీనికి?"

"కొంచెం నూనెమ్మా. బిర్రుగా ఉందని."

"బిర్రుగా ఉందని! ఇంత ఒత్తిడిలో గాలీ నూనే కలిస్తే ఏమవుతుందో తెలుసా? డీజిల్ ఇంజన్లో అగ్గిపుల్ల ఎవరైనా గీస్తారా? ఒత్తిడికే మండుతుందది. నీ కనుబొమ్మలు నీకు అక్కర్లేకపోవచ్చు, నావి నాక్కావాలి. తీసుకుపో!"

వాడు నోరెత్తకుండా తీసుకుపోయాడు. వెండెల్ నవ్వు ఆపుకుని ముందుకొచ్చి, తువ్వాలు విప్పి ట్యాంకు బల్లమీద పెట్టాడు.

"ఓహో, కాకుల కిరీటం!" అంది మిస్ వెర్లీన్. "మొత్తానికి నీ దాకా వచ్చిందన్నమాట. సంతోషం నాయనా."

కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని ముందు తారీకు చదివింది. తయారై పదకొండేళ్ళు. ఐదేళ్ళకోసారి నీళ్ళ ఒత్తిడి పరీక్ష చేయించాలి. రెండోది పోయినేడే అయింది, ముద్ర ఉంది. పదిహేనేళ్ళు దాని ఆయుష్షు, ఇంకా నాలుగు మిగిలాయి. తల ఊపింది. తర్వాత కళ్ళజోడు తీసేసి, కళ్ళు మూసుకుని, బొటనవేలి గోరుతో ట్యాంకు ఒళ్ళంతా మెల్లగా గీస్తూ పోయింది. క్లైడ్ మీద గోరు జారిపోయింది. లూథర్ మీద జారింది. డాటీ మీద కూడా జారింది. హాలిస్ మొదటి అక్షరం మీద టక్కున ఆగింది.

ఆవిడ కళ్ళు తెరిచింది. మళ్ళీ గీసింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇది ఎప్పుడు చెక్కాడు?"

"మొన్న గురువారమమ్మా. వాళ్ళింట్లో, కరెంటు చెక్కుడు పెన్నుతో. ఏం?"

"నీ గోరు పెట్టు."

వెండెల్ పెట్టాడు. మిగతా మూడు పేర్లూ పైనున్న మెరుగు పూతలో నెమ్మదిగా గీసిన గీతలు. ఇది అలా కాదు. పూత దాటి లోపలి నారలోకి దిగింది. ఆ నారే కదా ట్యాంకుకు బలం, లోపలున్నది పల్చటి అల్యూమినియం రేకే. అక్షరం అంచున నల్లటి పోగులు రెండు తెగి వేలికి గుచ్చుకున్నాయి.

"ఈ ఒక్కరోజుకి నింపమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "ఆయన బయట జట్టంతటినీ పోగేసి నిలబెట్టాడు. సగమే నింపు పోనీ."

"ఏం పని చేస్తావు నువ్వు?"

"తెలుసుగా, బస్సుల బ్రేకులు."

"బ్రేకు గొట్టం సగం తెగిందనుకో. ఒక్కరోజే కదా అని పిల్లల్ని ఎక్కించి పంపుతావా?"

వెండెల్ ట్యాంకు వంక చూశాడు. గన్ను వెనక బిగించిన ట్యాంకు ఆడినంతసేపూ భుజానికి ఆనుకుని, చెంపకు జానెడు దూరంలో ఉంటుంది. అందులో చదరపు అంగుళానికి నాలుగున్నర వేల పౌండ్ల ఒత్తిడి. అది పగిలితే మనిషిని వెతుక్కోవలసిందే.

"మొహం అలా పెట్టకు" అంది ఆవిడ. "ఆట మొదలవడానికి ముప్పావుగంట ఉంది. అటు అర చూడు. నీకు నచ్చింది తియ్యి, నీ బుర్ర ఎంతో చూస్తా."

అరలో ట్యాంకులు నాలుగున్నాయి. వెండెల్ చెయ్యి తిన్నగా ఎర్రమంటల రంగు వేసిన దాని మీదికి పోయింది.

"అనుకున్నా!" అంది మిస్ వెర్లీన్. "అది అమ్మకానికి కాదు, నీలాంటివాళ్ళకు చూపించడానికి. మహానుభావుడొకడు అల్యూమినియం ట్యాంకుకి పొడి రంగు కొట్టి పొయ్యిలో కాల్చాడు. లోహం మెత్తబడిపోయింది. అందంగా ఉంది, చచ్చిపోయింది. ఇంకోటి తియ్యి."

రెండోది ముట్టుకుంటే, "తారీకు చదివావా? పద్నాలుగేళ్ళు నిండాయి. వచ్చే ఏడు పారేయడానికి కొంటావా?" అంది. మూడోదాని మెడ దగ్గర మరలు అరిగి ఉన్నాయని వెండెల్ తనే కనిపెట్టి పక్కన పెట్టాడు. ఆవిడ ఏమీ అనలేదుగానీ పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. నాలుగోది ఏ సింగారమూ లేని నల్లటి నార ట్యాంకు. తయారై రెండేళ్ళు. వెండెల్ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి కళ్ళు మూసుకుని గోరుతో ఒళ్ళంతా గీశాడు. ఎక్కడా ఆగలేదు. మెడ చూశాడు, మరలు పదునుగా ఉన్నాయి. గాలి ముక్కు వాసన చూశాడు, నూనె లేదు.

"ఇది" అన్నాడు.

"సీసా బాగుంది. సీసా సగమే. దానికున్న రెగ్యులేటర్ సంగతేమిటి? లోపల నాలుగున్నర వేలుంటే గన్నుకి అంత పంపిస్తే గన్ను ముక్కలవుతుంది. తగ్గించి పంపేది అదే. నీ గన్ను ఎంత తాగుతుంది?"

"ఎనిమిదొందలు."

ఆవిడ ట్యాంకులో కాస్త గాలి ఎక్కించి, బల్లకు బిగించిన, ఒత్తిడి చూపే ముల్లు గడియారానికి తగిలించి, పక్కనున్న గాలి వదిలే మీట నొక్కమంది. వెండెల్ నొక్కాడు. ముల్లు పడిపోయి ఎనిమిదొందలకు వచ్చి ఆగింది. "చూస్తూ ఉండు" అంది. ముల్లు అక్కడ నిలవలేదు. ఎనిమిదొందల పది. నలభై. డెబ్భై.

"చూశావా? మొదట మర్యాదగా ఆగుతుంది, నువ్వు చూడటం మానగానే పాకుతుంది. లోపల గాలిని మూసే బిళ్ళ అరిగింది. దీంతో ఆడితే మొదటి గోళీ ఒక వేగం, రెండోది ఇంకో వేగం. ఎదుటివాడికి రంగు తగలాల్సింది, వాత తేలుతుంది. పైగా ఈ కంపెనీ సామాన్లు ఎక్కడా దొరకవు, తెప్పిస్తే మూడు వారాలు. ఏది కొన్నా ముందు నీ ఊళ్ళో దాని సామాను దొరుకుతుందో లేదో కనుక్కో నాయనా. మెరుపు తర్వాత."

"ఇంకో రెగ్యులేటర్ లేదా?"

"నిన్ననే ఆఖరుది ఇచ్చేశా."

అప్పుడే తలుపు దగ్గర హాలిస్ గొంతు వినిపించింది. ఆ గొంతు లేస్తే గుట్ట అవతల ఆవులు తలెత్తి చూస్తాయి.

"ఏరా పాలవాడా! గాలి నింపుతున్నారా, మేడ కడుతున్నారా? అవతల డాటీ ఉడికించిన వేరుసెనక్కాయలన్నీ ఊదేస్తోంది, నీకు తొక్కలే మిగిలేది."

లోపలికొచ్చి బల్ల చూశాడు. తన ట్యాంకు ఒక పక్కన, ఊరూ పేరూ లేని ట్యాంకు ఇంకో పక్కన.

"ఏమిటిది?"

"ఆ ట్యాంకు అయిపోయింది హాలిస్" అంది మిస్ వెర్లీన్. "నారలో గాటు పడింది. నేను నింపను."

"పోయినేడు పరీక్షలో పాసయ్యింది కదా!"

"పోయినేడు పాసయ్యింది. ఇది ఈ ఏడు గాటు."

"పేర్లే కదమ్మా అవి! పదేళ్ళుగా ఉన్నాయి! ఇన్నాళ్ళూ నువ్వే నింపావుగా?" హాలిస్ మొహం కందగడ్డలా అయింది. "సరే. నీకు చాదస్తం పెరిగిపోయింది, ఏమీ అనను. నది అవతల మైదానంలో ఉన్నవాడు తారీకు కూడా చూడకుండా నింపుతాడు. ఇరవై నిమిషాల్లో తిరిగొస్తా." ట్యాంకు అందుకున్నాడు.

మిస్ వెర్లీన్ వెండెల్ వంక చూసింది. ఆ గాటు ఎవరి పేరుతో పడిందో ఆవిడ చెప్పలేదు. చెప్పదలుచుకోలేదని వెండెల్‌కి అర్థమైంది. చివరి రోజున ఆ మనిషి పరువు ఆవిడ తీయదు. తను కూడా ఊరుకోవచ్చు. ఊరుకుంటే హాలిస్ నది దాటతాడు, ట్యాంకు నిండుతుంది. జట్టు ముందు దాన్ని తన గన్నుకి బిగిస్తాడు. తను చెంప పక్కన దాన్ని పెట్టుకుని పొద్దుగూకే దాకా ఆడాలి. లేదా నోరు తెరవాలి. పదిమందిలో తనను కాపాడిన మనిషికి, నీ పేరే దీన్ని చంపిందని చెప్పాలి. ఆ క్షణాన వెండెల్‌కి పేలుడు కంటే ఆ మాటే ఎక్కువ భయమేసింది, నిజం చెప్పాలంటే.

"కెప్టెన్" అన్నాడు. "ఒక్కసారి గోరు పెట్టి చూడండి సార్. నాలుగు పేర్ల మీదా."

"ఏముంది చూడ్డానికి?"

"చూడండి సార్. తర్వాత మీ ఇష్టం. మీరు నదవతల నింపుకొచ్చినా సరే, నేనది నా గన్నుకి పెట్టుకోను."

ఆరేళ్ళలో వెండెల్ ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. హాలిస్ అతన్ని తేరిపార చూశాడు. ఆయనవి కరెంటు లైన్‌మన్‌గా ఏళ్ళ తరబడి స్తంభాలెక్కిన చేతులు, గోళ్ళు మందం. క్లైడ్ మీద గీశాడు. లూథర్ మీద, డాటీ మీద. తర్వాత తన పేరు మీద. ఆగింది. వెనక్కి తెచ్చి మళ్ళీ గీశాడు. ఆగింది. ప్రతి అక్షరం మీదా ఆగింది.

ట్యాంకు తిరిగి బల్లమీద పెట్టాడు.

"గట్టిగా నొక్కాను" అన్నాడు చివరికి, ఎవరికో చెబుతున్నట్టు. "లూథర్ పేరు సగం చెరిగిపోయింది చూశారా. నాది అలా కాకూడదనుకున్నా."

మిస్ వెర్లీన్ చెక్క సొరుగులోంచి పాత నోటుపుస్తకం తీసింది. పనికిరాని ట్యాంకుల పుస్తకం అది. నంబరు రాసింది, తారీకు రాసింది. కారణం అన్న చోట పెన్ను ఆపి, మెల్లగా అంది. "గీతలు అని రాస్తే సరిపోతుంది హాలిస్. ఎవరికీ ఇంకేం తెలియక్కర్లేదు."

"గీతలంటే నలుగురివీ అవుతాయి" అన్నాడు హాలిస్. "చచ్చిపోయిన లూథర్ మీద తోసేయనా? నా పేరు రాయి. పూర్తి పేరు రాయి."

ఆవిడ రాసింది. ఆయన పక్కన నిలబడి, రాయడం అయ్యేదాకా చూశాడు. చెప్తున్నా కదా, ఆయన గురించి ఇన్నేళ్ళలో ఎన్నో విన్నాం, ఎన్ని ఆటలు గెలిపించాడో లెక్కే లేదు. వెండెల్‌కి మాత్రం ఆ పెద్దమనిషి ఆ పుస్తకం ముందు నిలబడ్డప్పుడు కనిపించినంత ఎత్తుగా ఎప్పుడూ కనిపించలేదు.

మిస్ వెర్లీన్ కాకుల ట్యాంకులో మిగిలిన గాలంతా బయటికి వదిలేసింది. దాన్ని బల్ల పట్టుకారులో బిగించి రెగ్యులేటర్ ఊడదీసింది. దాన్ని చేతిలో తిప్పి చూసి, ఏమనుకుందో ఏమో, నల్ల సీసా మీది చెడ్డ రెగ్యులేటర్ కూడా ఊడదీసి, దాని బదులు ఇది బిగించింది. కాస్త గాలి ఎక్కించి బల్ల ముల్లుకు తగిలించింది.

"నొక్కు."

వెండెల్ నొక్కాడు. ముల్లు పడింది, ఎనిమిదొందలకు వచ్చింది, ఆగింది. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. ముల్లు వెంట్రుకవాసి కదలలేదు. మళ్ళీ నొక్కాడు. పదిసార్లు, ఇరవైసార్లు, నలభైసార్లు. ఎనిమిదొందలు, ఎనిమిదొందలు, ఎనిమిదొందలు.

"ఇది ఎవరు చూసుకుంటారు?" అంది మిస్ వెర్లీన్.

"నేనే" అన్నాడు హాలిస్. "ప్రతి చలికాలం వంటింటి బల్ల మీద విప్పి, రబ్బరు రింగులన్నీ మార్చి, తుడిచి పెడతా. మా ఆవిడ తిడుతూనే ఉంటుంది. దానికేముంది, అదేమంత పనా?"

"ముప్ఫై ఒక్కేళ్ళు ప్రాణాలు నిలబెట్టే గాలి చూశాను హాలిస్. ఫైర్ స్టేషన్లో జీతాలు తీసుకునేవాళ్ళే ఇంత శుభ్రంగా ఉంచలేదు." ఆవిడ ఎవర్నీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. హాలిస్ టోపీ సర్దుకున్నాడు.

కొత్త సీసా నిండుగా నింపింది. హాలిస్ దాన్ని చేతుల్లోకి తీసుకుని తనే బయటికి నడిచాడు. కాకులు పదకొండుమందీ నిలబడి ఉన్నారు. ముందు వరుసలో డాటీ, చేతిలో వేరుసెనక్కాయల పొట్లం. అందరి చూపూ ఆ నల్లటి, పేర్లు లేని సీసా మీదే.

"మన ట్యాంకు పోయింది" అన్నాడు హాలిస్. ఆ గొంతుతో అంత మెల్లగా మాట్లాడటం ఎవరూ వినలేదు. "మీ గీతల వల్ల కాదు. నా పేరు లోతుగా చెక్కాను, నార తెగింది. నాకే తెలియలేదు, వీడు చెప్పాడు. చెప్పకపోతే ఇవాళ అది వీడి మొహం పక్కన ఉండేది. నా తప్పు. అంతే."

డాటీ తొక్క ఒకటి ఉమ్మి, "అంత లోతుగా చెక్కుకోవడానికి నువ్వేమన్నా సమాధి రాయివా హాలిస్?" అంది. అందరూ పగలబడి నవ్వారు. హాలిస్ అందరికంటే ఆలస్యంగా నవ్వాడుగానీ, నవ్వాడు. నవ్వుతూనే సీసాను వెండెల్ గన్నుకి బిగించాడు. బిగించి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. బుస్సుమన్న చప్పుడు లేదు.

"ఇంక నిలబడ్డావేం పాలవాడా? నడువు."

"పేర్లు?" అని అడిగారెవరో. "దీని మీద ఎప్పుడు మొదలు?"

"ఇంకెప్పుడూ లేదు" అన్నాడు హాలిస్.

ఆట మొదలైంది. వెండెల్ పైన్ చెట్ల మధ్యకు పరుగెత్తాడు. ఆ పాత బరువు లేని చేతులు అతనికే కొత్తగా ఉన్నాయి. హాలిస్ వలకంచె దగ్గరికి వెళ్ళి దాని మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. చాలాసేపయ్యాక డాటీ కాయలు తింటూ వచ్చి పక్కన నిలబడింది. చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెట్ల లోపలి నుంచి వెండెల్ గన్ను చప్పుడు వస్తోంది. టప్, టప్, టప్. మొదటిదెలా ఉందో యాభయ్యోదీ అలాగే ఉంది, ఒక్కటి గట్టిగా లేదు, ఒక్కటి నీరసంగా లేదు.

"ఎవరు గెలుస్తున్నారు?" అంది డాటీ.

"తెలీదు" అన్నాడు హాలిస్ కళ్ళు తెరవకుండానే. "ఉండు, విననీ."